ట్వైలా భుజానికి సరిపోయే తుపాకి

"ఇంట్లోవాడి కోసం ఒక తుపాకి కావాలండీ" అంది ట్వైలా సాటర్‌ఫీల్డ్.

ఎమ్మెట్ ప్రూయిట్ చెవిలో అది "ఇంట్లో వాడేందుకు" అని పడింది. బతుకంతా తుపాకులు పేల్చి చూసి అమ్మినవాడికి ఆమాత్రం చెవి మిగలడమే ఎక్కువ. ఎడమ చెవి ఎప్పుడో రిటైరైపోయింది. కుడిది పొడిగింపు మీద పనిచేస్తోంది. అయినా పొరపాటు విన్నానని అతనెప్పుడూ ఒప్పుకోడు. ఎదుటివాడే పొరపాటు మాట్లాడాడంటాడు.

వెంటనే గోడకున్న పొట్టి పంపు తుపాకి దించి బల్ల మీద పెట్టాడు. పొయ్యి పక్కన కుర్చీలో గస్ కాఫీ తాగుతున్నాడు. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. పిల్లల గోల మధ్య ఏ మూల ఎవడు ఏం గొణిగాడో పట్టేసిన చెవులు అతనివి. ఆ అమ్మాయి అడిగింది వాళ్ళాయన కోసంరా చెవిటి మాలోకమా, వెండెల్ పుట్టినరోజై ఉంటుంది, బాతుల వేటకి పొడుగు గొట్టంది చూపించు అని కేకేశాడు. ఎమ్మెట్ పొడుగుది కూడా దించాడు. ఇల్లు కాచేదొకటి, బాతుల్ని కూల్చేదొకటి బల్ల మీద పక్కపక్కన పడుకున్నాయి. వాటి మీద మగాళ్ళిద్దరూ కొట్లాటకి దిగారు. కొనడానికి వచ్చిన మనిషి ఏమంటుందో అడగాలని ఇద్దరికీ తోచలేదు.

ట్వైలా వీధి తలుపు వంక చూసింది. తర్వాత పొట్టిదాని మీద వేలు పెట్టింది.

"ఇంట్లో వాడేందుకే."

చెవిటివాడు గెలిచాడని ఎమ్మెట్ గస్‌ని వెక్కిరించాడు. ఆ నవంబరులో ఇంటికి తుపాకి అడగడం వింతేమీ కాదు. కొండ దిగువ పశువుల కొట్టాల్లో రంపాలు, రాగి గొట్టాలు పోతున్నాయి. ఒంటరి ముసలమ్మలు కూడా వచ్చి అడిగి వెళ్తున్నారు. అందరికీ ఎమ్మెట్ ఒకటే ఉపన్యాసం ఇచ్చేవాడు. ట్వైలాకీ అదే మొదలుపెట్టాడు. గురి కుదరాలంటే ముందు గురించి తెలియాలి. పన్నెండు బోరు మగాళ్ళ గొప్పకి, అది పేలితే గుండు ముందుకెళ్తుంది, భుజం వెనక్కెళ్ళి బోరుమంటుంది. ఇరవై బోరు గొట్టం సన్నం, దానికి ఆ గొడవ లేదు, గదిలో ఎదురుగా నిలబడ్డవాడికి రెండూ ఒకటే. చిన్న రవ్వల తూటా వేస్తే చెక్కగోడ దాటి పక్కింటి పిల్లల మంచందాకా పోదు. ఇక పంపు తుపాకి. దాని ముందుపిడి వెనక్కీ ముందుకీ లాగి, ఆ కరకర చప్పుడు వినిపించి చెప్పాడు.

"ఇది విన్నాక వచ్చినవాణ్ణి మనం పంపక్కర్లేదు, వాడే పోతాడు. అందుకే దీనికి పంపని పేరు పెట్టారమ్మా."

గస్ ఆ జోకుకి మూలిగాడు. అన్నేళ్ళుగా వింటున్నాడు మరి. ట్వైలా మాత్రం నవ్వింది. బల్ల అవతల మగాడు జోకు వేస్తే ఎంతసేపు నవ్వాలో తెలిసిన నవ్వు.

తర్వాత కొలత. చొక్కా కుట్టే దర్జీ కూడా ఎమ్మెట్‌లా తుపాకి కొలవడు. చెయ్యి మడవమని, మోచేతి మడతలో తుపాకి మడమని, అంటే వెనక చెక్కని, ఆనించి, వేలు మీటని అందుకుంటుందో లేదో చూస్తాడు. అందకపోతే మడమ కోసి పొట్టి చేస్తాడు. తుపాకికి మనిషి సరిపోవడం కాదు, మనిషికే తుపాకి సరిపోవాలన్నది అతని మతం. ట్వైలా ఎడమ చెయ్యి మడిచింది. నువ్వు ఎడమచేతి వాటమా అని అడిగితే, అలవాటు చేసుకుంటున్నానంది. ఎమ్మెట్ మడమ మీద పెన్సిలుతో గీత గీశాడు. ఆ మాటని అసలు పట్టించుకోలేదు.

పేల్చి చూడకుండా తుపాకి ఇవ్వడం ఆ దుకాణంలో లేదు. వెనక ఎర్రమట్టి గట్టుంది, రేపు రమ్మన్నాడు. రేపయితే కుదురుతుంది, ఆయన అగ్నిమాపక దళం వాళ్ళతో ట్రైనింగులో ఉంటారంది. ఆయనకి తెలియకుండా కొని ఆశ్చర్యపరుద్దామనా అన్నాడు ఎమ్మెట్. ఆమె అవునంది.

మర్నాడు ఎండ బాగా కాసింది. ట్వైలా మాత్రం మందపాటి కోటు మెడదాకా బిగించుకుని వచ్చింది. గట్టు ముందున్న గుంజకి ఎమ్మెట్ ఒక కాగితం పళ్ళెం మేకేశాడు. ఆమెని నిలబెట్టి, ఎడమ పాదం ముందుకేయించి, బరువు ముందుకి వంచమన్నాడు. చెవులకి పెట్టుకునే దొప్పలిస్తే ఆమె కుడిచేత్తో అందుకుంది. తలుపు గడియ కుడిచేత్తోనే తీసింది. జుట్టూ కుడిచేత్తోనే సర్దుకుంది. అయితే ఏ పనికీ చెయ్యి పక్కటెముకల్ని దాటి పైకి లేవలేదు. జుట్టు కోసం తలే చేతి దగ్గరికి వంగింది.

"నువ్వు ఎడమచేతి వాటం కాదు గదమ్మా" అని, కొత్తవాళ్ళందరికీ చేసినట్టే తుపాకి మడమని తీసుకెళ్ళి ఆమె కుడి భుజం గుంటలో ఆనించాడు.

ట్వైలా అరవలేదు. ఉన్నచోటే కింద కూర్చుండిపోయింది. కోటు పై గుండీ తెగి పక్కకి జారింది. భుజాల వెనక్కి లాగి కట్టిన ఆస్పత్రి పట్టీలు, వాటి మధ్య మెడ ఎముక మీద ఉబ్బు, దాని చుట్టూ పచ్చబడిపోతున్న నీలం. మధ్యలో ఎర్రటి గీత ఒకటి, కొసన వంపు తిరిగి, అచ్చు వేసినట్టుంది.

ఎమ్మెట్ నోరు ఏళ్ళ తరబడి అలవాటైన దారినే పోయింది.

"ఇంకా పేల్చనేలేదు, అప్పుడే తన్నిందా?"

"దాంతో కొట్టాలంటే పేల్చక్కర్లేదండీ" అంది ట్వైలా.

ఎమ్మెట్ తన చేతిలో తుపాకి మడమ వంక చూశాడు, ఆమె మెడ కింది వంపు గీత వంక చూశాడు. రెండూ ఒకదానికొకటి కొలిచి చేసినట్టున్నాయి. ఏదో ఒకటి మాట్లాడాలి, మాట్లాడకుండా ఉండటం రాదు, కాబట్టి రోజూ అడిగే ప్రశ్నే అడిగాడు. ఇంటికి తుపాకి కొనే ప్రతివాళ్ళనీ అడిగేదే, దాన్నిబట్టే గొట్టం ఎంత పొడుగుండాలో తేలుతుంది.

"వాడు ఏ తలుపునుంచి వస్తాడనుకుంటున్నావు?"

"ముందు తలుపునుంచి. తాళంచెవితో. బూట్లు గుమ్మం దగ్గర విప్పి."

గట్టు మీద పిట్ట ఒకటి కూస్తూనే ఉంది. వెండెల్ సాటర్‌ఫీల్డ్ అంటే మామూలు మనిషా? పగలు మిల్లు పని, పిలుపొస్తే అగ్నిమాపక దళానికి కెప్టెను, ఊళ్ళో ఎవరి కొంప అంటుకున్నా ముందు లోపలికి దూకేవాడు. చర్చి విందులో చేపలు వేయించేవాడు. గస్ మనవరాలిని పొగలోంచి ఎత్తుకొచ్చినవాడు. అలాంటివాడి మీద ఆమె రెండుసార్లు జిల్లా పోలీసు అధికారి షరీఫ్‌ని పిలిచిందట. పిలిచినప్పుడల్లా షరీఫ్ వచ్చి, వంటింట్లో కూర్చుని కాఫీ తాగి, ఈసారి జింకలు ఏ వాగు దిగుతున్నాయో వెండెల్‌తో మాట్లాడి, మంటల్లో తిరిగేవాడికి మనసు మీద బరువుంటుందమ్మా, కాస్త నువ్వే సర్దుకోవాలని చెప్పి వెళ్ళాడట. రెండోసారి వెళ్ళేటప్పుడు కాఫీ బాగుందన్నాడట.

ఇదంతా ఆమె కింద కూర్చునే, గుండీ వెతుక్కుంటూ చెప్పింది. తర్వాత ఎడమచెయ్యి చాపి తుపాకి ఇమ్మంది.

ఎమ్మెట్ ఇవ్వలేదు.

"అమ్మనమ్మా" అన్నాడు. ప్రాస తనకే వినిపించింది. బతుకులో మొదటిసారి దానికి సిగ్గుపడ్డాడు.

"ఆయనకి ఏడు అమ్మారు" అంది ట్వైలా. "నాకు ఒక్కటి అమ్మరా?"

ఎక్కడ దాస్తావని అడిగాడు. పరుపు కింద అంది. ఇళ్ళల్లో మనుషులు ఏది ఎక్కడ దాస్తారో, మంటల్లో ఇల్లంతా తడిమే వెండెల్‌కి తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది? వాడికి దొరికిన రోజున ఇది నీ తుపాకి కాదు, వాడి ఎనిమిదోది అన్నాడు. ఎంత మంచిది ఎంచి ఇచ్చినా, తాళంచెవి ఉన్నవాడు బూట్లు విప్పుకుని వచ్చే ఇంట్లో అది నీ చేతికి అందేలోపు వాడి చేతికి అందుతుందన్నాడు. ఇంకా ఏదో చెప్పబోయాడు. తను చెప్తున్నది ఆమెకి తెలియనిది కాదని ముఖం చూస్తే అర్థమై ఆగిపోయాడు.

"నాకూ తెలుసు. ఒక్క నిమిషం దొరుకుతుందేమోనని."

ఆమె లేచి, కోటు దులుపుకుని వెళ్ళిపోయింది. సాయంత్రందాకా ఎమ్మెట్ నోట ఒక్క మాట విరుపూ రాలేదు. జ్వరమేమోనని గస్ నుదురు తాకి చూశాడు. గస్ మనవరాలు గుర్తొచ్చి ఎమ్మెట్ ఏమీ చెప్పలేదు. పేల్చని ఇరవై బోరుని మళ్ళీ గోడకి తగిలించాడు. కాగితం పళ్ళెం గుంజకి అలాగే ఉండిపోయింది.

జింకల వేట సీజను మొదలయ్యే శనివారానికి ముందు వారం ఆ దుకాణం తుపాకుల లాండ్రీ. ఏడాదంతా మూలన పడున్నవన్నీ దుప్పట్లలో చుట్టుకుని వస్తాయి. గొట్టం తుడవాలి, దుర్భిణి సరిచెయ్యాలి, మీట బిగించాలి. మగాళ్ళు పనుల్లో ఉంటారు కాబట్టి పెళ్ళాలే దారిలో దించి పోతారు. ఎమ్మెట్ మీట దగ్గర ఒక చీటీ కడతాడు. ఏ ఇంటి తుపాకి ఏ ఆడమనిషి తెచ్చిందని ఎవరూ అడగరు. ఆ వారం ఆడమనిషి చేతిలో తుపాకి అంటే ఇస్త్రీకి తెచ్చిన చొక్కాయే.

గురువారం మధ్యాహ్నం ట్వైలా తన ట్రక్కు తెచ్చి వెనక తలుపు దగ్గర ఆపింది. దుప్పట్లలో చుట్టినవి ఒక్కొక్కటీ ఎడమచేత్తోనే లాగుతోంది. ఎమ్మెట్ పరుగున వెళ్ళి అందుకున్నాడు. ఏడూ వచ్చాయి. ముందు సీట్లో ఒక కుట్టుమిషను, చంటిపిల్లకి కట్టినట్టు సీటుబెల్టు కట్టించుకుని కూర్చుంది. ఎమ్మెట్ దాన్ని చూశాడు. చూడనట్టు దుప్పటి మడతపెట్టాడు.

"సీజను వస్తోంది గదండీ, శుభ్రం చెయ్యాలి" అంది ఆమె, పక్కన ఇంకెవరైనా వింటున్నట్టు.

"వెండెల్‌కి తెలుసా?"

"ఆయనే తీసుకెళ్ళమన్నారు. జోడు షిఫ్టులు, ఇవాళ రాత్రికి మిల్లులోనే. రేపు అక్కణ్ణుంచి నేరుగా వచ్చి పట్టుకెళ్తారట."

"నువ్వు ఎప్పటికి చెయ్యమంటావు?"

ట్వైలా అతని ముఖంలోకి చూసింది. దుకాణానికి వస్తున్నప్పటినుంచి అదే మొదటిసారి.

"ఎంత ఆలస్యమైతే అంత మంచిది."

ఏడు చీటీలు రాసి కట్టాడు. వెళ్ళేటప్పుడు ఆమె ట్రక్కు తలుపు పట్టుకుని ఇంకో మాట అంది. ఎవరైనా అడిగితే నిజమే చెప్పమంది. మెట్ల మీంచి పడ్డాను, ఆవు తన్నింది అని తను చెప్పిన అబద్ధాలు ఈ ఊరికి చాలంది.

ఆమె వెళ్ళాక ఎమ్మెట్ తలుపు గడియ వేసి బల్ల దగ్గర కూర్చున్నాడు. ఒక్కొక్కటీ విప్పి చూశాడు. నాలుగోది పాత జంట గొట్టాలది. లోపల రెండు తూటాలూ ఉన్నాయి. లాండ్రీకి వచ్చిన చొక్కా జేబులో నిప్పు దొరికినట్టయింది. వాటిని బయటికి తీసి, గుడ్డ తడిపి మడమ తుడవడం మొదలుపెట్టాడు. మడమ కింది అంచున వాల్‌నట్ చెక్క చీలింది. పగులు కొత్తది, లోపలి చెక్క ఇంకా తెల్లగా ఉంది. దాని పక్కనే వెంట్రుకంత సన్నగా ఇంకో గీత, జిగురు పెట్టి, బిగించి, నూనె పట్టించి, కనపడకుండా అతికినది. అంత బాగా అతికే చెయ్యి ఆ జిల్లాలో ఒక్కటే ఉంది.

రెండేళ్ళ కిందటి పని. దేన్ని కొట్టావురా, ఎలుగుబంటినా అని తను అడిగాడు, అలాంటిదే పెద్దాయనా అని వెండెల్ అన్నాడు, ఇద్దరూ నవ్వారు.

ఎమ్మెట్ ఆ సన్నగీత మీద గోరు పెట్టి చూశాడు. తన అతుకు గట్టిది. చెక్క దాని పక్కన విరిగింది గానీ అతుకు దగ్గర విరగలేదు. మంచి పనివాడికి అంతకంటే మెప్పు ఉండదు. జిగురు సీసా మూత బిగించి సొరుగులో పెట్టాడు. తర్వాత ఏడింటినీ ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశాడు.

శుక్రవారం సాయంత్రం దుకాణం కిటకిటలాడింది. పొయ్యి మీద జింకమాంసం కూర ఉడుకుతోంది, బల్ల మీద డోనట్లు, నేల మీద బురద బూట్లు. ఎవరి తుపాకి వాళ్ళు తీసుకుని, గొట్టంలోంచి దీపం వంక చూసి మెచ్చుకుంటున్నారు. వెండెల్ మిల్లు దుమ్ముతోనే లోపలికి వచ్చాడు. అందరూ జరిగి దారిచ్చారు. ఒకడు వీపు తట్టాడు, ఒకడు కూర గిన్నె అందించాడు. ఇంకా ఇంటికి వెళ్ళలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"ఏం పెద్దాయనా, మనవి అయ్యాయా?"

"అయ్యాయి" అన్నాడు ఎమ్మెట్. "ఇవ్వను."

దుకాణమంతా గొల్లుమంది. ఇవ్వనన్నాక ఇంకో విరుపు ఉండాలి గదా, దానికోసం అందరూ నవ్వుముఖాలతో ఎదురుచూశారు. వెండెల్ కూడా నవ్వుతూ చెంచా ఆపాడు. ఎమ్మెట్ నిలబడే ఉన్నాడు. చీటీలు తారుమారయ్యాయా అని గస్ అడిగాడు. ఎవరివో ఎవరికో ఇచ్చేసి ఉంటాడు, చెవులతో పాటు కళ్ళూ పోయాయని ఇంకెవరో అన్నారు. మళ్ళీ నవ్వులు. నిజం చెప్పడానికి నోరు తెరిస్తే ఊరు నవ్వుతోంది. తను పెంచిన నవ్వే.

"జోకు కాదు" అన్నాడు. "వెండెల్, నీ పెళ్ళాం మెడ ఎముక విరిగింది. నీ జంట గొట్టాల దాని మడమతో కొట్టావు. మడమ కూడా చీలింది. అవి నా దగ్గరే ఉంటాయి."

నవ్వు ఒక్కసారిగా పోలేదు. వెనకవాళ్ళకి ఆలస్యంగా వినిపించి, కొసన ఒకడు ఇంకా నవ్వుతూ ఉండిపోయి, చుట్టూ చూసి ఆపాడు. కూర కుతకుత ఉడుకుతున్న చప్పుడు వినిపించింది.

వెండెల్ గొంతు పెంచలేదు. ముసలాడికి మతి పోయిందన్నట్టు మిగిలినవాళ్ళ వంక చూశాడు. అది మెట్ల మీంచి పడిందని ఊరందరికీ తెలుసన్నాడు. అవి తన సొత్తు, ఇవ్వకపోతే దొంగతనమవుతుందన్నాడు. షరీఫ్ దగ్గరికి వెళ్ళమన్నాడు ఎమ్మెట్. జడ్జి ఇమ్మంటే ఇస్తాను, ఇన్నాళ్ళూ ఎందుకివ్వలేదో కూడా ఆ జడ్జికే చెప్తానన్నాడు. వెండెల్ గిన్నె బల్ల మీద పెట్టాడు, మెల్లిగా, చప్పుడు కాకుండా.

"సరే" అన్నాడు వెండెల్. "గస్, నీ రెండోది ఈ సీజనుకి నాకివ్వు. మళ్ళీ తెచ్చిస్తాను."

సీజను ముందురోజు తుపాకి అరువు అడిగితే లేదనడం ఆ కొండల్లో లేదు. పెళ్ళిలో ఉప్పు అడిగితే లేదన్నట్టే. గస్ తుపాకులు రెండూ బల్ల మీదే ఉన్నాయి, చీటీలు విప్పి, నూనె మెరుస్తూ. మనవరాలిని మంటల్లోంచి తెచ్చినవాడు అడుగుతున్నాడు. గస్ వెండెల్ వంక చూడలేదు. బల్ల మీది చీటీలు తీసి, వేళ్ళు తడబడుతుండగా, ఒకటి తర్వాత ఒకటి రెండు మీటలకీ మళ్ళీ కట్టాడు. రెండు తుపాకుల్నీ ఎమ్మెట్ వైపు తోశాడు.

"నావి కూడా ఇంకా కాలేదటరా" అన్నాడు.

వెండెల్ పక్కవాడి వంక తిరిగాడు. మంటల్లో తనతో పాటు నీళ్ళ గొట్టం పట్టుకునే కుర్రవాడు. వాడు తన తుపాకిని చూసుకుని, నాదీ కాలేదు కెప్టెన్ అని, అదీ బల్ల మీదికి జరిపాడు. మూడోవాణ్ణి అడగలేదు వెండెల్. బయట ట్రక్కు తలుపు పడింది. చక్రాలు కంకర చిమ్ముకుంటూ ఇంటివైపు వెళ్ళాయి.

అప్పుడు అందరూ ఒకేసారి మాట్లాడారు. వాడు ఇంటికే పోతున్నాడు, ఎవరైనా వెళ్ళాలన్నారు కొందరు. ఇంట్లో ఎవరూ లేరన్నాడు ఎమ్మెట్. ఇక చెప్పాల్సిందంతా, ఎవరూ నవ్వకుండా, మొదటిసారి విన్నారు. ఆమె దొంగల కోసం తుపాకి అడగలేదని, మేమే అలా అనుకున్నామని, ఆ ఇంటికి ఏ తుపాకి సరిపోతుందో ఎంత వెతికినా తనకి దొరకలేదని, చివరికి ఆ ఇంట్లో ఉన్నవి తీసెయ్యడమే సరిపోతుందని ఆమెకే ముందు తోచిందని, అవి ఆమే దుప్పట్లలో చుట్టి ఒంటిచేత్తో మోసుకొచ్చిందని చెప్పాడు. వాడు పక్క జిల్లాకి పోతే రేపే ఇంకోటి అమ్ముతారని ఎవడో అన్నాడు. అమ్ముతారు, నేనూ అమ్మానన్నాడు ఎమ్మెట్.

మరి ఆ అమ్మాయి ఎక్కడికి వెళ్ళిందని గస్ అడిగాడు.

"తెలీదు" అన్నాడు ఎమ్మెట్. "చెప్పబోయింది. చెప్పొద్దన్నాను. నా నోరు మీకు తెలుసు గదా."